పక్కన ఒక్కరు

ఎస్లింగెన్,
9 ఆగస్టు 2021

భాస్కరమూర్తి అన్నయ్యగారికి,

ఉత్తరం ఆలస్యమైనందుకు ముందే చెంపలు వేసుకుంటున్నాను. రాయడానికి ఏమైనా ఉంటే కదా! వండుకున్నాను, తిన్నాను, ఒక్క కంచం కడుక్కున్నాను. దీన్ని ఎన్నిసార్లు రాస్తే మాత్రం ఉత్తరమవుతుంది? మా ఆయనైతే ఆ కంచం మీద కూడా నాలుగు పేజీలు రాసేవారు.

కాకినాడ ఇంజనీరింగ్ కాలేజీలో ఒకే బెంచీ మీద కూర్చున్నవాళ్ళు, మీరు తూర్పు జర్మనీలో, ఆయన పడమటి జర్మనీలో వచ్చిపడ్డారు. మధ్యలో గోడ ఉన్నన్నాళ్ళూ మీ ఇద్దరి స్నేహం పోస్టులోనే నడిచింది. ఇప్పుడు ఆ గోడ లేదు. ఆయనా పోయి ఏడాది దాటింది. మీ చెవులేమో ఫోనుకు లొంగవు. అందుకని ఆయన పెన్ను నా చేతికొచ్చింది.

సంగతికి వస్తాను. పోయిన నెల ఫోను మోగింది. ఎవరో కుర్రాడు, మహా మర్యాదగా, "మిమ్మల్ని యూరప్ పౌరుల సభకు ఎంపిక చేశాం, ఫ్రౌ డాక్టర్" అన్నాడు. ఇక్కడ ముసలివాళ్ళకు ఫోను చేసి "అమ్మమ్మా, నేను నీ మనవణ్ణి, ఆపదలో ఉన్నాను" అని దోచుకునే ముఠాలున్నాయి కదా. అలాంటివాడే అనుకుని, "నాకు పిల్లలే లేరు, ఇంక మనవలెక్కడివిరా వెధవా!" అని తెలుగులో తిట్టి పెట్టేశాను. మర్నాడు మళ్ళీ చేశాడు. పోలీసులకు చెబుతానన్నాను. మూడోసారి పాపం బతిమాలుకున్నాడు. "మీ బాంకు నంబరు నాకొద్దు, మీ వయసు చెప్పండి చాలు. డెబ్భై దాటినవాళ్ళు ఒక్కరూ ఫోను పెట్టెయ్యకుండా వినడం లేదు" అన్నాడు.

నిజమేనట. అన్ని దేశాల నుంచీ చీటీలు తీసినట్టు ఫోను నంబర్లు తీసి, ముసలీ ముతకా, పల్లే పట్నం అందరూ ఉండేలా ఏరి, యూరప్‌లో ఏం మారాలో మీరే మాట్లాడుకుని చెప్పండి అంటారట. అక్టోబరులో స్ట్రాస్‌బర్గ్‌లో ఒకసారి, తర్వాత కంప్యూటర్లో ఒకసారి, చలికాలంలో వార్సాలో ఆఖరుసారి. మా సభకిచ్చిన విషయాల్లో ఆరోగ్యం ఒకటి.

వెళ్ళనా, మాననా? నలభై ఏళ్ళు "నాలుక చాపండి" అని ఊరందరికీ చెప్పినదాన్నే గాని, సభల్లో నా నాలుక ఎప్పుడూ ఆడించలేదు. ఆయన ఉండగా పోట్లాడుకోవడానికైనా మాటలుండేవి. ఇప్పుడు బేకరీలో "రెండు బ్రెడ్డు ఇవ్వండి" అనడమే రోజు మొత్తానికి నా ఉపన్యాసం.

మీ వృద్ధుల హైమ్‌లో ఎలా ఉంది? ఒక్కసారి వచ్చి మిమ్మల్ని చూసిపోవాలని ఉంది. ఈ కరోనాలో మనుషుల్ని రానిస్తున్నారా? వివరంగా రాయండి.

సుభద్ర

*

ఇల్మెనౌ,
24 ఆగస్టు 2021

అమ్మా సుభద్రా,

నీ ఉత్తరం చదివి ఒక్కణ్ణే నవ్వితే పక్కగదివాళ్ళు కంగారుపడి నర్సును పిలిచారు. నా నవ్వు నాకు వినపడదు కనక ఎంత గట్టిగా నవ్వానో నాకేం తెలుసు?

వెళ్ళు. నన్ను అడుగుతున్నావు గాని, నీకు వెళ్ళాలనే ఉంది. లేకపోతే మూడోసారి ఫోను ఎత్తవు.

అయితే నా గొడవ కూడా కాస్త విని వెళ్ళు. గోడ పడ్డ చలికాలం మాకూ ఇలాంటి సభ పెట్టారు. రౌండ్ టేబుల్ అనేవారు. చర్చి పాస్టరు, స్కూలు టీచర్లు, మా గాజు ఫ్యాక్టరీవాళ్ళు అందరూ కూర్చుని ఊళ్ళో ఏం జరగాలో తేల్చుకోవడం. ఫ్యాక్టరీలో పనిచేసే పరాయిదేశాల వాళ్ళ తరఫున నన్ను కూర్చోబెట్టారు. ఆ చలికాలమంతా కూర్చున్నాను. టీ తాగాను, ఎవరేం చెప్పినా తలూపాను. చేతులెత్తండి అన్నప్పుడల్లా నా చెయ్యి కోటు జేబులోనే ఉండిపోయేది. ఎత్తితే లెక్కలో వేసుకుంటారో, నీకెందుకయ్యా అంటారో అని. ఎవరూ అలా అనలేదు. నేనూ ఎత్తలేదు. వసంతంలో ఎన్నికలొచ్చాయి, టేబులు తీసేశారు. ఆ తర్వాత ఫ్యాక్టరీనే తీసేశారు. హన్నెలోరె బతికున్నన్నాళ్ళూ దెప్పుతూనే ఉంది. "ఇంట్లో పెళ్ళాం దగ్గర ఇంత వాగుతావు, అక్కడ మూగనోము పట్టావేం?" అని.

అందుకని చెబుతున్నాను. అడగందే అమ్మయినా పెట్టదు. నువ్వు నోరు తెరువు.

ఇక్కడి సంగతి. ఎవరినీ రానివ్వడం లేదు. అన్నం గదికే తెచ్చి పెట్టి పోతారు. అందరి మూతులకీ మాస్కులు. పెదవులు కనపడితే నాకు సగం మాటలైనా అందేవి, ఇప్పుడు అవీ లేవు. చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టు అంటారే, ఆ శంఖం ఊదేవాడు కూడా లేడు. మావాడు సుధీంద్ర మ్యూనిక్‌లో కార్ల కంపెనీ పనిలో తలమునకలుగా ఉన్నాడు. ఆదివారాలు ఆఫీసుకు ఫోను చేసి నేను బాగున్నానో లేదో కనుక్కుంటాడట.

ఒకటి అడుగుతాను. ఇంతకుముందూ అడిగాను, నువ్వు జవాబు రాయలేదు. రామారావు చివర్లో ఎలా పోయాడు? నన్నేమైనా తలిచాడా? వాడికి రాసిన ఆఖరి ఉత్తరంలో, "వస్తానని ఏళ్ళ తరబడి ఊరిస్తావు, రాకపోతే మానెయ్" అని ఒక మాట తూలాను. దానికి జవాబు రాకముందే వాడు పోయాడు. నువ్వు పక్కనే ఉండి ఉంటావు కదా. రాయి.

భాస్కరమూర్తి

*

ఎస్లింగెన్,
6 అక్టోబరు 2021

అన్నయ్యగారికి,

వెళ్ళొచ్చాను! ఇన్నాళ్ళకి పెట్టె సర్దుకుని ఎస్-బాన్ రైలు ఎక్కాను. పెళ్ళికూతురికి కూడా అంత భయం ఉండదు.

ఎంత పెద్ద హాలో! అర్ధచంద్రాకారంలో వరసలు, ఒక్కొక్కరి ముందు మైకు, చెవులకు తగిలించుకునే ఫోను. చుట్టూ అద్దాల గదుల్లో అనువాదకులు. "మీ భాషలోనే మాట్లాడండి, మిగతాది మేం చూసుకుంటాం" అన్నారు. ఆ మీట తిప్పితే ఇరవైనాలుగు భాషలు. మీ స్నేహితుడు పాత షార్ట్‌వేవ్ రేడియోలో తెలుగు కోసం ముల్లు తిప్పేవారు చూడండి, అలా నేనూ ఆ చివరి నుంచి ఈ చివరికి తిప్పి చూశాను. లేదని తెలుసు. తెలిసీ తిప్పాను. తర్వాత జర్మన్ దగ్గర ఆపుకున్నాను.

హాలు తర్వాత చిన్న చిన్న గదుల్లో కూర్చోబెట్టారు. మా గదిలో డజనుమంది. ఫిన్లాండ్ స్టూడెంటు ఒకడు, పోర్చుగల్‌లో బస్సు నడిపే ఆవిడ ఒకరు, ఇంకా ఎవరెవరో. మాట్లాడించడానికి ఒకావిడ. మళ్ళీ ఇలాంటి రోగం వస్తే ఏం మారాలి అన్నది ప్రశ్న. ఒకరు మందులన్నారు, ఒకరు నర్సులు చాలరన్నారు. మొదటిరోజు నేను మీలాగే తలూపాను. రెండోరోజు మీ కోటు జేబు గుర్తొచ్చి ఒళ్ళు మండింది. మైకు నొక్కాను.

"ఆసుపత్రిగానీ హైమ్‌గానీ ఎంత గట్టిగా మూసినా, లోపలున్న ప్రతి మనిషికీ పక్కన ఒక్కరు ఉండే హక్కు ఉండాలి" అన్నాను. మాట్లాడించే ఆవిడ దాన్ని పసుపుపచ్చ కాగితం మీద రాసి బోర్డుకు అంటించింది. అంతలో బస్సు డ్రైవరమ్మ అంది, "మా అమ్మ ఉన్న హైమ్‌లోకి జబ్బును మోసుకొచ్చింది అలా వచ్చిన ఒక్కరే. మా అమ్మ పోయింది" అని. కోపంగా కాదు, మామూలుగా అంది. పరీక్షలు, మాస్కులు, గౌన్లు అంటూ ఏదో వైద్యం మాట్లాడాను. ఫిన్లాండ్ కుర్రవాడు, "మీకు స్వయంగా అలాంటిది ఏమైనా జరిగిందా?" అని అడిగాడు. "డాక్టరుగా చెబుతున్నాను" అన్నాను.

అయినా కాగితం బోర్డు మీదే ఉంది. వచ్చే సమావేశానికి నిజమైన ఉదాహరణలు తెమ్మన్నారు. అక్కడ ఎవరినీ రానివ్వడం లేదన్నారు కదా, మీ హైమ్ సంగతి చెప్పనా? పేరూ ఊరూ చెప్పను.

ఇల్లు చేరి తలుపు తీస్తూ "వచ్చానండీ" అన్నాను. అలవాటు. లోపల ఫ్రిజ్ మాత్రం గుర్రుమంటోంది.

మీరడిగిన ప్రశ్నకు తర్వాత రాస్తాను. పెట్టె మోసి చెయ్యి నొప్పిగా ఉంది.

సుభద్ర

*

ఇల్మెనౌ,
15 అక్టోబరు 2021

అమ్మా సుభద్రా,

శభాష్. నా జేబు నీకైనా పనికొచ్చింది.

ఆ బస్సు డ్రైవరమ్మ మాట కొట్టిపారెయ్యకు. మా రౌండ్ టేబుల్ దగ్గర ఎదుటివాడు ఊపిరి తీసుకోవడానికి ఆగితే చాలు, ఇంకొకడు మొదలుపెట్టేవాడు. వినడం అంటే అదే అనుకునేవారు. నువ్వు విని, అప్పుడు చెప్పు. పైగా తీర్మానం చిన్నదిగా ఉండాలి. పొడుగ్గా రాస్తే ప్రతివాడికీ ఒక్కో ముక్క నచ్చదు.

మా హైమ్ సంగతి చెప్పాలంటే చెప్పు. మరీ నొక్కి చెప్పకు. ఇక్కడివాళ్ళు మంచివాళ్ళే, పాపం ఉన్నది నలుగురు, చెయ్యాల్సింది పదిమంది పని.

చలి మొదలైంది. నా గదిలో రెండు కుర్చీలున్నాయి. ఒకదాంట్లో నేను కూర్చుంటాను. రెండోదాని మీద మొదట్లో స్వెట్టర్లు వేసేవాణ్ణి. ఇప్పుడు మానేశాను. బట్టలు వేస్తూపోతే అది బట్టల కుర్చీ అయిపోతుంది. అలా ఖాళీగా ఉంటే ఎవరో ఇప్పుడే లేచి వెళ్ళినట్టో, ఇప్పుడే రాబోతున్నట్టో ఉంటుంది. ముసలివాడి చాదస్తం అనుకో.

నిన్న మధ్యాహ్నం ఎవరితోనో తెలుగులో మాట్లాడాలనిపించి అద్దం ముందు నిలబడి "ఏరా, భోంచేశావా?" అన్నాను. వాడూ నాకేసి చూసి పెదవులు కదిపాడు. మాస్కు లేదు కనక అర్థమైంది.

నీ చెయ్యి నొప్పి తగ్గి ఉంటుంది. రామారావు సంగతి రాయలేదు నువ్వు. వాడు నా మీద కోపంతో పోయి ఉంటే అదే రాయి, నేనేమీ అనుకోను.

భాస్కరమూర్తి

*

ఎస్లింగెన్,
22 నవంబరు 2021

అన్నయ్యగారికి,

ఈ ఉత్తరం కోపంతో రాస్తున్నాను. చల్లారాక రాద్దామనుకుంటే చల్లారడం లేదు.

కంప్యూటర్ సభ అయింది. తెర మీద గళ్ళల్లో మొహాలు. మొదటిరోజు నా వంతు రాగానే మీ సంగతి చెప్పాను. ఒకాయన ఎనభై ఏళ్ళవాడు, చెవులు వినపడవు, ఆయన ఉన్న హైమ్‌లోకి ఒక్క ప్రాణిని కూడా రానివ్వడం లేదు అని. రెండో కుర్చీ మీద ఆయన బట్టలు కూడా వెయ్యడు అని. ఫిన్లాండ్ కుర్రవాడు కళ్ళు తుడుచుకున్నాడు. బస్సు డ్రైవరమ్మ మొదటిసారి తలూపింది. మాట్లాడించే ఆవిడ, "ఇది గట్టి ఉదాహరణ, అక్కడి నియమం ఏమిటో సరిగ్గా కనుక్కుని రేపు చెప్పండి" అంది.

కనుక్కున్నాను. సాయంత్రం మీ హైమ్‌కు ఫోను చేశాను. నేనూ డాక్టర్నేనని చెబితే నర్సు నిదానంగా చెప్పింది. వసంతం నుంచీ ఒక్కొక్కరికి ఒక్కో మనిషిని రానిస్తున్నారట. ఎవరు రావాలో మీరే పేరు చెప్పాలట. ఆ మనిషి పరీక్ష చేయించుకుని వచ్చి గదిలో పక్కన కూర్చోవచ్చట. "హెర్ మూర్తి వాళ్ళబ్బాయి పేరు చెప్పారు. ఆయన ఇంకా రాలేదు" అంది.

ఇంకా రాలేదు! వసంతం పోయి, ఎండాకాలం పోయి, ఆకులన్నీ రాలిపోయాయి.

మర్నాడు ఆ గళ్ళల్లో మొహాల ముందు "నిన్న నేను చెప్పింది తప్పు" అని ఒప్పుకోవలసి వచ్చింది. నలభై ఏళ్ళ వైద్యంలో రోగి అబద్ధం చెబితే పట్టేసేదాన్ని. మీ దగ్గర మోసపోయాను. బస్సు డ్రైవరమ్మ ఏమందో తెలుసా? "అయితే ఆయనకు ఆ హక్కు ఉంది కదా, మరి ఎందుకు ఒంటరిగా ఉన్నాడు?" అంది.

అన్నయ్యగారూ, ఆ ఒక్క పేరు నాది ఎందుకు కాలేదని అడగను. కన్నకొడుకు ముందు నేనెంత? కానీ ఎవరినీ రానివ్వడం లేదని నాకెందుకు రాశారు? ఇక్కణ్ణుంచి ఇల్మెనౌకు రైలుంది. నేను వచ్చేదాన్ని. మంచులోనైనా వచ్చేదాన్ని.

సుభద్ర

*

ఇల్మెనౌ,
12 డిసెంబరు 2021

సుభద్రా,

నిన్ను నలుగురిలో తలదించుకునేలా చేశాను. క్షమించమని అడగడానికి మొహం చెల్లడం లేదు.

ఏ పేరు రాసుకోమంటారని నర్సు అడిగినప్పుడు నేను ఆలోచించలేదు. మనవాడెవడైనా ఆలోచిస్తాడా? చివర్లో పక్కనుండేది కొడుకే అని మనకు బొడ్డు కోసినప్పటినుంచీ చెవిలో ఊదుతారు. వాడి పేరు చెప్పాను. వాడికి చెప్పించాను కూడా. "పరిస్థితులు చక్కబడ్డాక వస్తాను" అన్నాడట. వాడు చెడ్డవాడు కాదు. వాడికి తెలుగు రాదు, ఫోను నాకు వినపడదు, ఎదురుగా కూర్చుంటే ఇద్దరం ఏం చేస్తాం? వాడు రాకపోవడానికి అదీ కారణమేమో.

నెలలు గడిచాక నర్సే అంది, "పేరు మారుద్దామా, ఇంకెవరైనా ఉన్నారా?" అని. నీ పేరు నాలుక చివరి దాకా వచ్చింది. కానీ సుధీంద్ర పేరు కొట్టేయడమంటే నాకు కొడుకు లేడని నా నోటితో నేనే చెప్పినట్టు కాదూ? అది నాకు చేతకాలేదు. ఎవరినీ రానివ్వడం లేదని నీకు రాస్తే, తప్పు నాదీ కాదు, వాడిదీ కాదు, రోగానిది అయిపోతుంది. అంతే.

ఇంక రాయలేను. చేతులు చల్లబడుతున్నాయి.

భాస్కరమూర్తి

*

ఎస్లింగెన్,
14 జనవరి 2022

అన్నయ్యగారికి,

మీ ఉత్తరానికి వెంటనే జవాబు రాయనందుకు కోపమేమో అనుకున్నారా? కాదు. చదివిన ప్రతిసారీ ఏడుపొచ్చి కాగితం పక్కన పెట్టేశాను. అంతలో వార్సా ప్రయాణం వచ్చింది. పండగ రోజు గదా, పొద్దున్నే కాసింత పొంగలి వండుకుని, ఎవరితోనైనా చెప్పుకోవాలనిపించి ఇప్పుడు కూర్చున్నాను.

వార్సాలో రోజూ ముక్కులో పుల్ల పెట్టి పరీక్ష, ఆ తర్వాతే లోపలికి. బస్సు డ్రైవరమ్మ నన్ను చూడగానే, "ఆ కుర్చీ ఆయన ఎలా ఉన్నారు?" అని అడిగింది. దాచకుండా అంతా చెప్పాను. కొడుకు పేరు, కొట్టేయలేకపోవడం, అంతా. మా గదిలో మధ్యాహ్నం వరకూ దాని మీదే మాట్లాడారు. మీ గురించి, అన్నయ్యగారూ! పది దేశాల మనుషులు, మిమ్మల్ని చూడనివాళ్ళు. చివరకు తీర్మానం మారింది. పక్కన ఉండే ఆ ఒక్కరు రక్తసంబంధమే కానక్కర్లేదు, ఎప్పుడు కావాలంటే అప్పుడు మార్చుకోవచ్చు, రానివాళ్ళ మీద తప్పు మోపకూడదు. ఆ ఆఖరి ముక్క డ్రైవరమ్మ చేర్చింది. పొడుగు చేయొద్దని మీరు చెప్పారు గాని, అది మీ కోసమే.

ఓటుకు ముందు పెద్ద హాల్లో ఒకరు లేచి చెప్పాలి. నన్ను పంపారు. జర్మన్‌లో మొదలుపెట్టాను. బాగానే సాగింది. "నేను డాక్టర్ని" అన్నాను. తర్వాతి మాట జర్మన్‌లో రాలేదు. తెలుగులో వచ్చేసింది. అద్దాల గదుల్లో అనువాదకులు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. అందరి చెవుల్లోనూ నిశ్శబ్దం. మళ్ళీ ఆ మాటనే జర్మన్‌లో చెప్పి కూర్చున్నాను. ఆ మాటేమిటో ఇక్కడ రాయను. మీరు ప్రతి ఉత్తరంలోనూ అడిగినదే. అది మీ ఎదుట కూర్చుని చెప్పాలి.

ఓడిపోయాం. నూటికి డెబ్భైమంది ఒప్పుకుంటేనే నెగ్గినట్టు. కొద్దిలో పోయింది. హైములూ ఆసుపత్రులూ ఏ దేశానికి ఆ దేశం చూసుకోవలసినవి అన్నారు కొందరు. డ్రైవరమ్మ బయటికొచ్చి మోచెయ్యి నా మోచేతికి తగిలించి, "నేను వద్దనే ఓటు నొక్కాను. రాయడానికి సాయం చేశాను గాని, నొక్కే ముందు మా అమ్మ కళ్ళముందు నిలబడింది" అంది. నాకు కోపం రాలేదు. వినకుండా కాదనడం వేరు, ఇంతసేపు విని కాదనడం వేరు. ఇన్నేళ్ళలో నన్ను అంత శ్రద్ధగా ఎవరూ కాదనలేదు.

సభ అయిపోయింది. ఇంక ఫోను మోగదు. మళ్ళీ బేకరీ, రెండు బ్రెడ్డు.

మీ అబ్బాయి పేరు కొట్టేయమని నేను చచ్చినా అడగను. కానీ నేను ఇక్కడున్నానని మాత్రం రాస్తున్నాను.

సుభద్ర

*

ఇల్మెనౌ,
17 ఫిబ్రవరి 2022

అమ్మా సుభద్రా,

సంక్రాంతి పొంగలి ఒక్కదానివే తిన్నావని చదివి నాకు ముద్ద దిగలేదు.

ఎక్కడో పది దేశాలవాళ్ళు పూటంతా కూర్చుని, ఈ చెవిటి ముసలాడి కుర్చీ గురించి మాట్లాడారా! "రానివాళ్ళ మీద తప్పు మోపకూడదు" అన్న ముక్క దగ్గర ఆగిపోయాను. కొడుకుని కాదనకుండానే నిన్ను రమ్మనవచ్చన్నమాట. ఈ చిన్న సంగతి నా బుర్రకు తట్టడానికి యూరప్ అంతా కదలాల్సి వచ్చింది.

ముందు సుధీంద్రకు ఉత్తరం రాశాను, జర్మన్‌లో. "నువ్వు నా కొడుకువే. ఎప్పుడొచ్చినా నా కొడుకువే. కానీ కుర్చీ ఖాళీగా ఉంది. సుభద్రను రమ్మననా?" అని. వాడి నుంచి జవాబు వచ్చింది. నాలుగే వాక్యాలు. వాడి చేతిరాత చూసి ఎన్నేళ్ళయిందో! "సుభద్ర ఆంటీని రానీ నాన్నా. ఎందుకు వెళ్ళలేదని నా మనసు రోజూ అడుగుతూనే ఉంది, నీకు ఏం చెప్పాలో తెలియక రాలేదు" అన్నాడు.

ఇవాళ నర్సును పిలిచి నీ పేరు చెప్పాను. సంబంధం ఏమిటని పలక మీద రాసి అడిగింది. ఉత్తరాలు అని రాశాను. అది సంబంధం కాదంది. "మా ఊళ్ళో అన్నయ్యా అని పిలిస్తే చెల్లెలే" అన్నాను. చెల్లెలని రాసుకుంది.

పరీక్ష చేయించుకుని రా. వెచ్చటి కోటు వేసుకో, ఇక్కడ ఇంకా మంచు. మీ సభ ఒప్పుకోకపోతేనేం, రామ్మా.

భాస్కరమూర్తి

*

ఇల్మెనౌ,
మీ గది, మీకెదురు కుర్చీ,
3 మార్చి 2022

అన్నయ్యగారూ,

నన్ను మాస్కు తియ్యనివ్వరు, మీకు నా పెదవులు కనపడవు, అందుకని మోకాళ్ళు తగిలేంత దగ్గర కూర్చుని ఉత్తరం రాస్తున్నాను. స్టాంపు ఖర్చు తప్పింది, జవాబు కూడా దీని కిందే రాయండి. అలా నా చేతివేపే చూడకండి, అక్షరాలు వంకర పోతున్నాయి.

ఆయన ఎలా పోయారని అడిగారు. నాకు తెలియదు. నేను పక్కన లేను.

నేను నలభై ఏళ్ళు పనిచేసిన ఆసుపత్రే. "ఫ్రౌ డాక్టర్, నియమాలు మీకు తెలియనివా" అన్నారు. తెలుసు. కార్లు ఆపుకునే చోట నిలబడి మూడో అంతస్తు కిటికీలు చూస్తూ ఉండిపోయాను. వాటిలో ఆయనది ఏదో కూడా నాకు తెలియదు. ఇంటికొచ్చాక ఫోను వచ్చింది. మిమ్మల్ని తలిచారో, నన్ను తలిచారో, దాహమని అడిగారో, ఏమీ తెలియదు. పక్కన ఉన్నానని మీరనుకుంటున్నారు, ఆ మాట కాదనడానికి నాకు ఇన్నాళ్ళూ ధైర్యం చాలలేదు. వార్సాలో నా నోటివెంట తెలుగులో వచ్చింది ఇదే. నేను పక్కన లేను.

మీ ఉత్తరం మాత్రం ఆయన చదివారు. "రాకపోతే మానెయ్" అన్నది చదివి పడీ పడీ నవ్వి, ఎండాకాలం వెళ్దామని రైలు టైములు చూసి పెట్టుకున్నారు. అది నాకు తెలుసు. అప్పుడు నేను పక్కనే ఉన్నాను.

*

అమ్మా,

నవ్వాడా! ముందే రాయకూడదటే ఆ ఒక్క ముక్క? వాడు నా మీద అలిగి పోయాడనీ, అందుకే నువ్వు దాస్తున్నావనీ రెండేళ్ళుగా కుమిలిపోతున్నాను.

వాడి పక్కన ఎవరూ లేకపోయారు. నీ తప్పు కాదు. ఏడువు, పరవాలేదు. నాకెలాగూ వినపడదు.

*

అన్నయ్యగారూ, చెయ్యెందుకు ఎత్తారు? ఏమైనా కావాలా? నర్సును పిలవనా?

*

నర్సెందుకు? నీ తీర్మానానికి ఓట్లు చాలలేదన్నావు కదా. ఇది నాది. కోటు జేబులో ఉండిపోయిన చెయ్యి. కుడిచేత్తో రాయాలి కనక ఎడంచెయ్యి ఎత్తాను, సర్దుకో.

*

సభ ఎప్పుడో అయిపోయింది. దించండి, భుజం నొప్పి పెడుతుంది.

*

ఎవరైనా లెక్కపెట్టేదాకా దించను.

*

లెక్కపెట్టాను. చూడండి, నాదీ ఎత్తాను. ఇద్దరం.